రోలు కింద తువ్వాలు

సిడ్నీ, క్యాంప్‌బెల్ వీధి మొగలో తుంపర.
ఆరుగురం. చేతికో కాగితపు గిన్నె.
పసుపు గొడుగెత్తి ముందు నడిచే అమ్మాయి
"నా పేరు కుంగ్, అంటే రొయ్య" అంది.
ఎవరూ నవ్వకముందే తనే నవ్వేసింది.

మొదటి కొట్టు గుమ్మంలో బుల్లి గుడి.
లోపలి దేవతకి ఎర్ర సోడా,
మూత తీసి, స్ట్రా వేసి.
"వానలోనూ దాహమే ఆవిడకి."
బెవర్లీ ఫొటో తీసుకుంది.
నేను చెప్పులు విప్పబోయి ఆగాను.

రెండో కొట్టులో మట్టి రోలు, కొయ్య రోకలి.
పచ్చి బొప్పాయి తురుము, చింతపండు, తాటిబెల్లం,
చేపల పులుసునీళ్లు. ఆ వాసనకి ఒకాయన
అడుగు వెనక్కి వేశాడు.
"మిరపకాయలు ఎన్ని?"
ఒకటి. అర. వద్దు.
గుంటూరు పరువంతా నా నెత్తినే ఉన్నట్టు
"ఏడు" అన్నాను.

మూడో ముద్దకి చెవులు మూసుకుపోయాయి.
కుంగ్ ఏమీ అనలేదు.
జిగురన్నం ఉండ చేసి అరచేతిలో పెట్టింది.

చెవులు తెరుచుకున్నాక మొదట వినిపించింది
రోకలి. పొక్, పొక్.
"ఇక్కడైతే గట్టిగా దంచొచ్చు" అంది మెల్లగా.
"ఇంట్లో రోలు కింద తువ్వాలు మడిచి పెడతాను.
కింది వాటా ఆయన చీపురుకర్రతో
సీలింగు పొడుస్తాడు."

నేను మా మిక్సీ సంగతి చెప్పాను.
తెల్లారి ఐదింటికి అల్లం పచ్చడి,
కింద పాత బొంత,
పైన నా రెండు చేతులూ
ఏడ్చే పిల్లని జోకొడుతున్నట్టు.

ఎందుకని అడగలేదు.
ఎన్ని మడతలని అడిగింది.
"నాలుగు."
"నాకు రెండు చాల్లేదు" అంది,
గొడుగు విప్పుతూ.

మూడో కొట్టులో ఏం తిన్నామో
సరిగ్గా గుర్తులేదు.
ఏవో కొబ్బరిపాలు.