గీత మీద ఉన్నవి

ముక్కాం రేవు పక్క రొయ్యపిల్లల హేచరీలో
రాత్రి రెండుకి నా పని లెక్క.
గాజు పలక మీద ఒక్క చుక్క,
పైన పల్చటి గాజురేకు.
కన్ను ఆనిస్తే
గట్లు వేసిన మడిచెక్కలు, వాటిల్లో
గోధుమరంగు నాచు నలుసులు,
నాలుగు మూలలా మీసాలతో.

పై గీతని తాకినవి, ఎడమ గీతని తాకినవి మనవి.
కింద గీతవి, కుడి గీతవి పక్క మడివి.
ఈ ధర్మం నాకు విజయనగరం కాలేజీలో చెప్పారు.
మా వీధిలో గోడ తగువులకి
ఇంత తేలిక తీర్పు ఎవరూ చెప్పలేదు.

కొర్లయ్య మామ పలకని నమ్మడు.
మగ్గు ముంచి ట్యూబులైటుకేసి ఎత్తి
"ఉలవకట్టు రంగొచ్చింది, పొయ్యొచ్చు గుంటా" అంటాడు.
చాలాసార్లు అతని కన్నూ నా పలకా ఒకటే చెప్పేవి.
అందుకు నాకు కొంచెం ఉక్రోషం కూడా.

ఆరో నంబరు ట్యాంకు.
గడికి డెబ్బై ఐదు వచ్చాయి.
చుక్కలో సగానికి సగం అయోడిన్ నీళ్లు కలిపానని,
రెండుతో హెచ్చవేయాలని
నిద్రమత్తులో మరిచాను.
నాలుగొందల లీటర్లు పోయాల్సిన చోట
కాగితం మీద ఎనిమిదొందలు.
మామ మగ్గెత్తి చూశాడు.
"సిక్కగుంది కదే?"
"లెక్క అది," అన్నాను.
సదువుకున్న గుంట కదాని
పంపు తిప్పేశాడు.

మూడు పూటలు, అదే తప్పు.

మేత తిన్న పిల్లకి తోక వెనక సన్నటి దారం వేలాడుతుంది.
ఆ దారం కోసమే మా బతుకంతా.
ఆ వేకువ దారాలున్నాయి,
ఈత లేదు.
కాళ్లకి జిగురు చుట్టుకుని
పది లక్షలు, ట్యాంకు అడుగున
తడిసిన బొంబాయి రవ్వలా.

యజమాని ఫోన్లో ఏమన్నాడో గుర్తు లేదు.
బ్లీచింగు చల్లి, తూము లాగి
నీళ్లు పోయేదాకా గట్టు మీదే కూర్చుని
మామ అన్నాడు:
"నోరిప్పాల్సింది నాను."

ఇప్పుడు అరచేతిలో పెన్నుతో రెండు రాసుకుని కూర్చుంటాను.
ముందు మామ మగ్గు చూసి, అంకె నాకు చెప్పకుండా
చీటీ మీద రాసి మడత పెడతాడు.
ఆ తర్వాతే నా చుక్క.
తేడా వస్తే మళ్లీ ఇంకో చుక్క.

ఈ రాత్రి ఒకటి
పై గీతా కుడి గీతా కలిసే మూల మీద నిలబడింది.
కాలేజీలో దీని సంగతి చెప్పారో, నేనే వినలేదో.
మామని పిలిచాను.
కళ్లద్దాలు నుదుటికి తోసి చాలాసేపు చూసి
"ఇదీ మీసాలున్నాదే," అన్నాడు,
"నెక్కలో ఏసీ."