తెర్తు కట్టిన ఎండ

డిసెంబరు మొదట్లో ఇవాలో ఊరికి
పొద్దు పొడవడం మానేసింది.
మళ్ళీ జనవరిలోనే.
ఈలోగా మిట్టమధ్యాహ్నం ఓ రెండు గంటల నీలం,
తక్కినదంతా మంచు.

ఆ వారమే వచ్చింది తొండ,
అట్టపెట్టెలో, ఉన్ని టోపీ కింద.
ముదిరి ఊసరవెల్లి అయ్యే రకం కాదు.
ఆస్ట్రేలియా ఇసుక రంగు, గడ్డం నిండా ముళ్ళు,
పొట్ట మీద చింతగింజంత కాలిన మచ్చ.

"వేడి రాయి పెట్టానక్కా, హాయిగా పడుకునేది"
అన్నాడు తమ్ముడు ఎస్కో.
"హాయి కాదురా.
దానికి ఎండంటే పైనుంచి వచ్చేది.
కింద కాలుతుంటే పొట్టకి తెలీదు."
రాయి కిటికీలోంచి మంచులోకి పోయింది.

ముప్పై ఏళ్ళు గనిలో కరెంటు పని చేసిన చేతులు.
ప్లాస్టిక్ హోల్డరు పీకి పింగాణీది బిగించాయి.
బల్బు చుట్టూ తీగ పంజరం:
తొండ అంతెత్తు ఎక్కదని ఎవరు చెప్పారు?
వైరుని ఓ వంపు కిందికి దించి పైకి తీసింది,
నీటి చుక్క జారితే ఆ వంపులోంచే నేల రాలాలి,
ప్లగ్గు దాకా పోకూడదు.
థర్మోస్టాటు మొన దీపం కింది బండ మీద.
ఈ కొసన నలభై, ఆ కొసన పాతిక,
మధ్యలో ఎక్కడన్నది తొండ ఇష్టం.

రాత్రికి ఎర్ర బల్బు తెచ్చానన్నాడు ఎస్కో.
"నీ మంచం పక్కన వేసుకో, నిద్రపడితే చెప్పు."
వెలుగివ్వని సిరామిక్ గడ్డ ఒకటి తగిలించింది,
చీకట్లో చీకటిగానే కాగేది.

ఇక ఆ పొడవాటి ట్యూబు.
దాని చివర మార్కరుతో తేదీ రాసింది,
ఏడాదికి మార్చాలట.
"వెలుగుతూనే ఉంటుందిగా?"
"వెలుగుతుంది.
ఎముకకి అందేదే ముందు అయిపోతుంది."
ఆ మాట అన్నాక
స్క్రూడ్రైవరు కాసేపు తిరగలేదు.
బావ సంగతి ఎస్కో ఎత్తలేదు.

జనవరిలో ఓ రోజు ఊరంతా కిటికీల దగ్గర.
కొండ అంచున నారింజ తొనంత,
అదీ కాఫీ చల్లారేలోపు.
తెర్తు తొండని భుజాన వేసుకుని వచ్చింది.
అద్దం దాటి దానికి కావలసింది రాదు, తెలుసు.
ఈ ఎండని ఏ టైమరూ లెక్కలోకి తీసుకోదు, తెలుసు.
అయినా చూపించింది.

తొండ ఒక్క కన్ను తెరిచి, చూసి,
మెడ తిప్పింది
గది మూల, తన నలభై డిగ్రీల వైపు.