పసుపు మరక

నెల్లూరు చిన్నబజారు సందులో
పాత చీర మూట విప్పాను.
నలభై ఒక్క పింగాణీ. అంచున నీలంపూలు.
కావలి బంగళా దొరసాని ఓడెక్కేముందు
వంటమనిషి కరుణమ్మకు, మా జేజికి,
రెండు నెలల జీతం బదులు ఇచ్చిపోయినవి.

షాపు మస్తాన్ సాయిబు ఒక్కోదాన్నీ బోర్లించి
అడుగున ముద్ర చూశాడు,
గోటితో అంచు మీటి చెవి ఒగ్గాడు.
"ఇది పలుకుతుంది.
ఇది పలకదు, వెంట్రుకంత బీట."

నేను అన్న ఆపరేషన్ లెక్కలో ఉన్నాను.
ఇంకా పద్దెనిమిది వేలు.

జేజి ఏటా క్రిస్మస్‌కు వీటిని కడిగి, తుడిచి
మళ్ళీ పెట్టెలో పెట్టేది.
మాకు సత్తు పళ్ళేలే.
అడిగితే, "దొరల ఎంగిలి మనకెందుకే."

"దీనికి మాత్రం డబ్బుల్లేవమ్మా" అన్నాడు సాయిబు.
పళ్ళెం నడుమ సన్న పగుళ్ళలో
పసుపు దిగి, గడ్డకట్టుకుపోయి ఉంది.
దొరసాని సూపుకి ఆ రంగు రాదు.
అది పులుసన్నం.
ఎప్పుడే జేజీ?
ఏ మధ్యాహ్నం, ఏ గడియ బిగించుకుని?

నలభైకి బేరం కుదిరింది.
ఆ ఒక్కటీ ఒళ్ళో పెట్టుకుని
కావలి బస్సులో గోటితో మీటి చూశాను.
పలకలేదు.
జేజీ అంతే.
అడిగింది చెప్పేది కాదు.