కాటా ముల్లు

రాసేటప్పుడు జ, పలికేటప్పుడు హ.
హొహోబా అనాలి.
నాకది నేర్పింది వెర్నా డొసేలా,
సాన్ కార్లోస్ కొండవాలులో,
రాళ్లు కూడా నీడ వెతుక్కునే జులై మధ్యాహ్నం.

నేను గ్లోబ్ ఊరి కుర్రాణ్ణి. పంతొమ్మిదేళ్లు.
ట్రక్కు వెనక వేలాడే కాటా, చెవి మీద పెన్సిలు.
గోనె తగిలించాలి, ముల్లు చదవాలి, అంకె వేయాలి.
టూసాన్ నుంచి వచ్చిన కంపెనీ మనిషి
పౌనుకి ఇన్ని సెంట్లని చెప్పి,
కారు అద్దం సగం దించి ఇంకో మాటా చెప్పాడు:
"కాటా తుప్పు పట్టింది. పట్టనీ."

వెర్నా పొద కింద దుప్పటి పరిచేది.
ముందు కర్రతో నేల మీద మూడు దెబ్బలు,
పాముకి కబురు.
తర్వాత కొమ్మ దులిపితే
కాఫీరంగు గింజలు రాలేవి,
వానలా కాదు, అక్కడ వాన అలా పడదు,
ఎవరో జేబు బోర్లించినట్టు.
కొన్ని పొదల జోలికే పోయేది కాదు.
"అవి మగవి. పుప్పొడి గాలికిచ్చేసి
ఏడాదంతా ఊరికే నిలబడతాయి.
మా ఆయన కూడా..." అని ఆపి నవ్వేది.

ఆకు చూడు ఎలాడియో, అనేది.
ఎండకి మొహం ఇవ్వదు, అంచు ఇస్తుంది.
సూర్యుడంతటివాడికీ
దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలీదు.

ఇంటికోసం దాచుకున్న గింజల్ని
దంచి, గుడ్డలో కట్టి,
ట్రక్కు జాకీ కింద పెట్టి పిండేది.
నూనె అంటాం గానీ అది మైనం,
గడ్డకట్టడం మర్చిపోయిన మైనం.
ఏళ్లు గడిచినా కనరెక్కదు.
వంటకి పనికిరాదు, కడుపు ఒప్పుకోదు.
మనవరాలి మాడుకి పనికొస్తుంది,
పగిలిన మడమలకి, జీను తోలుకి,
కుట్టుమిషను చెవిలో ఒక చుక్క,
తమ్ముడు లీలాండ్‌కి యుద్ధం ఇచ్చిన
ఉక్కు మోకాలి మడతలో ఒక చుక్క.
కిర్రుమనే వీధి తలుపుకి మాత్రం రాయదు.
పెద్దకూతురు రాత్రి ఎప్పుడొచ్చిందో తెలియొద్దూ!

కంపెనీ కాయితం మీద తిమింగలం బొమ్మ ఉండేది.
దాని తల నూనె ఇక అమ్మకూడదట,
చట్టమొచ్చిందట,
యంత్రాలకి ఇక ఈ గింజే దిక్కట.
చదివి వినిపించాను.
సముద్రం ఎరగని వెర్నా
ఆ బొమ్మని వేలితో తోక దాకా తడిమింది.
"ఇంతలేసి దాన్ని ఈ గింజ కాస్తుందా?"
కాసేపాగి,
"అయితే గింజని సరిగ్గా తూచు."

నేను తల ఎత్తలేదు.
ఆ ఎడారిలో ముళ్లన్నీ నిజమే చెబుతాయి.
చొయా ముల్లు గుచ్చితే గుచ్చానని ఒప్పుకుంటుంది.
అబద్ధమాడేది నా కాటా ముల్లొక్కటే.

ఆవిడ గొడవపడలేదు.
జేబులోంచి దగ్గుమందు సీసా తీసి
కాటా ఇరుసులో రెండు చుక్కలు వేసింది.
చంటిపిల్లకి చెయ్యి ఊపడం నేర్పుతున్నట్టు
ముల్లుని అటూ ఇటూ ఆడించింది.
గోనె మళ్లీ తగిలించింది.
ఇందాక ముప్పై ఒకటి దగ్గర చతికిలబడ్డ ముల్లు
ముప్పై నాలుగు దాకా పోయి,
కాస్త వణికి,
నిలబడింది.

వరసలో ఎవరూ నోరు మెదపలేదు.
ట్రక్కెక్కిన గోనెలు ఒక్కొక్కటే దిగాయి.
పొద్దుగూకేదాకా తూచాను,
కొట్టివేసిన అంకెల పక్కన కొత్త అంకెలు.
వారం తిరక్కుండా నా ఉద్యోగం పోయింది.
జీతం బాకీ కింద
ఆ కాటానే నా మొహాన కొట్టారు.

ఇప్పటికీ గ్యారేజీలో వేలాడుతోంది.
యాభై ఏళ్లు దాటాయి, మళ్లీ చుక్క వేయలేదు.
ఏమీ తగిలించకుండా వేలితో తడితే
ముల్లు అంత దూరం పోయి,
ఊగి ఊగి,
సున్నా దగ్గరికే వస్తుంది.