ఈతమట్టల కింద

దసరా సెలవులల్ల
మందిరం వెనక పడావు జాగల
ఓబద్యా పాస్టరు గుంతలు తవ్వించిండు.
పర్ణశాలల పండుగంట.
ఏడు రాత్రులు కొమ్మల కింద పండాలంట,
కప్పుల నుంచి చుక్కలు కనబడాలంట.

పెద్దల మీటింగుల లొల్లి.
"యూదుల పండుగలు మనకెందుకు?"
అన్నడు ఎలీషయ్య, కండ్లద్దాలు తుడుసుకుంట.
"అవన్నీ రాబోయేదానికి నీడ.
అసలైనాయన వచ్చినంక నీడతోటి ఏం పని?"

నేను ఎనక బల్ల మీద ఉన్న.
ఎలీషయ్య దిక్కే చెయ్యెత్తిన.
నా లెక్క వేరు.

నా పేరు గెర్షోము.
పరాయి దేశంల పరదేశి అని అర్థం.
అమ్మకు అక్షరం రాదు, అర్థం తెలిసే పెట్టింది.
కర్ణాటకల ఏదో డ్యాం కట్ట కింద,
యూరియా సంచులు కుట్టిన గుడారంల
తట్ట దించి నన్ను కన్నది.
నాలుగో నాటికి మళ్ల ఎత్తుకున్నది.
పాలమూరు లేబర్ అంటే అప్పుడు
ఊరి పేరు కాదు, కూలి రేటు.

పన్నెండేండ్ల దాకా నాకు గోడ తెల్వదు.
గాలొస్తే పట్టుకొని నిలబడేదే ఇల్లు అనుకునేటోణ్ణి.
అందుకే ఊర్ల స్లాబు ఏసిన ఏడు
కొత్త ఇంట్ల మొదటి రాత్రి
ఎల్లెలకల పండుకొని పైకి చూసిన.
ఒక్క చుక్క లేదు.
దేవునికి స్తోత్రం,
ఒక్క చుక్క గూడ లేదు.

ఇప్పుడు మళ్ల కొమ్మల కిందికి పొమ్మంటే?

ముందు వరుసల అమ్మ లేచింది,
మోకాళ్లు పట్టుకొని, మెల్లగ.
"ఎలీషయ్యా, నువ్వు ఎండల నిలబడ్డోనివి కాదు.
నిలబడి ఉంటే తెలుస్తుండె
నీడ అంటే ఏందో."
కొద్దిసేపు ఫ్యాన్ల సప్పుడే.

తెల్లారి కొమ్మల కోసం తిరిగిన్రు.
వాక్యంల ఉన్న నిరవంజి ఎవ్వరికీ తెల్వదు, కానుగ కొట్టుకొచ్చిన్రు.
దబ్బపండుకు నిమ్మకాయ.
ఈతమట్టల కోసం గౌండ్ల అంజిలయ్య కాడికి పోతే
"మీ దేవుడు ఈతచెట్టు గురించి గూడ చెప్పిండా!" అని
పది మట్టలు ఎక్కువిచ్చిండు.
పులియని రొట్టె వేరే పండుగది అన్నడు పాస్టరు.
"మా జొన్నరొట్టె ఎన్నడు పులిసింది గనుక" అని
అమ్మ ముప్పై చేసింది.

గుంజలు నిలబడ్డయి, కప్పు నిలబడలే.
మా సంఘం పిలగాండ్లకు కట్టు కట్టరాదు.
ఫోన్ల చూసి ముడేస్తే
మొదటి గాలికే ఊడింది.
అమ్మ నా దిక్కు చూసింది.
"నీ సైటు మీది పోరగాండ్లను పిలువు."

నా సైటు.
ఊరి బయట కాలువ పని.
నేను మేస్త్రిని.
ఒరిస్సా నుంచి వచ్చినోళ్లు ఇరవై రెండు మంది,
నీలం కవర్ల కింద.
ఇద్దరి పేర్లు తెలుసు నాకు.
మిగిలినోళ్లు హాజరు బుక్కుల గీతలు.

"వాళ్లెందుకమ్మా?"
"పండుగ వాళ్లదే గదరా."

ఎనిమిది మంది వచ్చిన్రు, జంకుకుంట.
ఓవర్‌టైం అనుకున్నరు.
ఒక పిలగాడు, మీసం గూడ రాలే,
మట్ట మీద మట్ట పెట్టి, మోకాలుతోటి అదిమి,
ఎడమచేత్తో ముడేసిండు.
ఆ ముడి నేనెరుగుదు.
మా నాయిన ఏసే ముడి.
తుఫాను రాత్రి గూడ విడువని ముడి.

కాళ్లు బయట పెట్టి పండిన, సగం లోపల, సగం బయట.
ఎలీషయ్య గూడ వచ్చిండు, దోమలు కుడుతున్నయని
గొణుక్కుంట పొద్దుదాకా కూసున్నడు.
పిలగాడు రొట్టె తునకను ఉల్లిగడ్డతోటి తింటున్నడు.
పేరడిగిన.
చెప్పిండు. నాకు నోరు తిరగలే.
నవ్వి మళ్ల చెప్పిండు.

మట్టల సందుల చుక్కలు
అప్పటియే, అక్కడనే.

పొద్దుగాల ఆరింటికి హాజరు.
బుక్కుల ఆ పేరు ఎట్ల రాయాల్నో
ఇంకొకసారి అడగాలె.