కొనని తీగ

చరిత్ర పుస్తకంలో మాకు ఒక పేజీ ఇచ్చారు.
అచ్చుతప్పు ఒక్కటీ లేదు.
మిగతా తప్పులే.

హల్ రేవు. డెబ్భై ఎనిమిది, మార్చి.
ఐస్‌లాండ్ నీళ్ళకు వెళ్ళే పడవలు ఆగిపోయి
మా వీధి మగాళ్ళు పట్టపగలు ఇంట్లో కనబడటం
అప్పుడప్పుడే అలవాటవుతోంది.
చేపలు పొగబెట్టే కొట్టు మాకు అద్దెకిచ్చారు,
ఇంకెవరికీ అక్కర్లేదు కనక.
గోడలంతా తారులాంటి మసి.
గిటార్ ప్లగ్గు పెడితే షాక్, తీస్తే షాక్.
ఎన్ని ఉతుకులు ఉతికినా చొక్కాల్లో చేప వాసన.
బ్యాండుకి పేరు వెతికే శ్రమ అలా తప్పింది:
కోల్డ్ హ్యాడక్.

"పొదుపే సౌందర్యంగా" అని రాశాడాయన
నా బేస్ గురించి.
తాకట్టు కొట్లో ఎనిమిది పౌండ్లకు దొరికింది అది,
మూడు తీగలతో.
నాలుగో తీగ డబ్బుతో నలుగురికీ చిప్స్ వస్తాయి.
వెనిగర్ ఎక్కువ వేయించుకుని
రేవు గోడ మీద కూచుని తిన్నాం.

లోర్నా బ్లెంకిన్ సింబల్స్ ముట్టుకోకపోవడం
"ఆడంబరం మీద తిరుగుబాటు" అట.
రికార్డు చేసింది లోర్నా వాళ్ళ ముందుగదిలో.
పైన వాళ్ళమ్మ హిల్డా,
బఠాణీల ఫ్యాక్టరీలో రాత్రంతా నిలబడి వచ్చి
అప్పుడే కన్ను మూసింది.
డ్రమ్ముల మీద దుప్పటి కప్పాం, రెండు కోట్లు కప్పాం.
అయినా పాట మధ్యలో నేల మీద చెప్పు మడమతో
ఠక్, ఠక్, ఠక్.
టేపు మళ్ళీ కొనే స్తోమత లేదు.
ఉంచేశాం.

రెండో వైపు నెవ్ స్టాథర్స్ గొంతు పగులుతుంది కదా,
దాని మీద పేరా నిండా "ఒక తరం కోపం."
ఆ వారం వాడికి జలుబు.
వాళ్ళ నాన్న పనిచేసిన పడవని
తుక్కు కింద కోసిందీ ఆ వారమే.
ఆ మాట వాడు ఎత్తలేదు. మేమూ అడగలేదు.

అయిదొందల కాపీలు.
ఇస్త్రీ బల్ల మీద మైదా జిగురుతో
కవర్లు అంటించాం తెల్లారేదాకా.
నూట ఎనభై ఎనిమిది అమ్ముడుపోయాయి.
మిగతావి నా మంచానికి విరిగిన కోడు అయ్యాయి చాన్నాళ్ళు.

మొన్న చలికాలం ఎవరో పంపారు:
ఒసాకాలో పందొమ్మిదేళ్ళ పిల్లలు
మా పాట వాయిస్తున్నారు.
బేస్ పట్టుకున్న అమ్మాయి
నాలుగో తీగ విప్పేసింది, కావాలనే.
ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర
అందరూ ఆగారు.
డ్రమ్మర్ వంగి, కర్రతో నేల మీద
ఠక్, ఠక్, ఠక్.
జనం కేకలు.

హిల్డాకి ఇప్పుడు తొంభై ఒకటి.
హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను.
కళ్ళు మూసుకుని చివరిదాకా విని
"తప్పు," అంది.
"నాలుగు కొట్టాను నేను.
నాలుగోది
మీ గోలలో మీకు వినపడలేదు."