క్వినువా గింజ

ఆరో నెల నిండిన మర్నాడు
ఉడికించి మెదిపిన పసుపు బంగాళాదుంప
చెంచా కొసన పెట్టాను.
నాలుకతో బయటికి నెట్టేశాడు మా ఎల్మెర్.
గడ్డం మీంచి తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ నెట్టాడు.
"వద్దంటున్నాడుగా, పాలు చాలు వాడికి" అంది అత్త సతుర్నీనా.
"వద్దనడం కాదు, నాలుకకి ఇంకా లోపలికి దారి తెలీదు"
అంది ఆరోగ్య కేంద్రం నుంచి కొండెక్కి వచ్చిన యెనీ,
ఆయాసపడుతూ.

పదకొండోసారి మింగాడు.
మగ్గం మీద పోగులు లెక్కపెట్టేదాన్ని,
లెక్క తప్పను.

వాడి వేలి కొన గుచ్చి చూసి
రక్తం తక్కువంది యెనీ.
కోడి నెత్తురు వండి, మెత్తగా నూరి కలపమంది.
మొదటి ముద్దకి వాడి ముఖం,
ఊరి సభలో పద్దులు చదువుతున్నప్పుడు
మా ఆయన పెట్టే ముఖం.
మింగాడు మాత్రం.

తొమ్మిదో నెలలో, చొంగ కారుస్తూ,
దుప్పటి మీద రాలిన ఒక్క క్వినువా గింజతో
పూటంతా పోట్లాట.
అరచేత్తో ఊడ్చాడు, పోయింది.
పిడికిలి బిగించాడు, పోయింది.
తర్వాత బొటనవేలూ చూపుడువేలూ
ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి
కలుసుకున్నాయి.
తెగిన ఉన్ని పోగును నేను పట్టేదీ
ఆ రెండు వేళ్ళతోనే.
మగ్గం ఎప్పుడాగిందో తెలీదు.

గింజ పైకెత్తి, మెల్లకన్నుతో చూశాడు.
నోట్లో వేసుకుంటాడనుకున్నా.
పక్కన కూర్చున్న నానమ్మ పెదాల మీద పెట్టాడు.

పాలు చాలన్న మనిషి,
ఒక్క పన్నూ లేని నోరు
తెరిచింది.